గుట్ట బాట మీద గులకరాళ్లు

శ్రీధర్ గంటసేపు మొత్తుకున్నా పరశురాములు విననట్టే గుట్ట దిగి వచ్చేశాడని కనకవ్వ అన్నదట. అన్నది ఒక్కరితోనే, కానీ పొద్దు గూకేసరికి సిరిసిల్లలో ఆ వాడంతా తెలిసిపోయింది. ఆమె అడవి ముఖం చూసింది లేదు. శ్రీధర్ వాళ్ల పక్కింటావిడ కదా, ఆ మాత్రం హక్కు ఉందనుకుంది.

పరశురాములు, శ్రీధర్ ఒకే కార్ఖానాలో పాతికేళ్లు పక్కపక్కన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపారు. ఆ మోతకు పరశురాములు చెవులు ఎప్పుడో పోయాయి. సాంచాల దగ్గర నోటితో పిలిస్తే దండగ. పనిపడితే నూలు అయిపోయిన కండె ఒకటి అవతలివాడి కాళ్ల దగ్గరికి విసురుతారు. వాడు తిరిగి చూస్తాడు.

దసరా తర్వాత ఆర్డర్లు లేక కార్ఖానా మూతపడింది. మోత లేకపోతే ఇంట్లో పిచ్చి లేస్తున్నదని శ్రీధరే బయలుదేరదీశాడు. గంభీరావుపేట అవతల అడవిలో గుట్ట ఎక్కడానికి కొత్తగా బాట వేశారట. పట్నపోళ్లు బూట్లేసుకుని ఎక్కుతున్నారు, మనం చెప్పులతోనే ఎక్కి చూపిద్దామన్నాడు. భార్య సంధ్యారాణి పులిహోర కట్టిచ్చింది.

టిఫిన్ డబ్బా, ఇద్దరి ఫోన్లు ఉన్న సంచి భుజాన వేసుకుని పరశురాములు ముందు నడిచాడు. వెనక శ్రీధర్ సీతాఫలం కనబడి బాట దిగాడు, బండల సందులోకి జారాడు. బాట అక్కడే మెలిక తిరిగి ఆ సందు పైనుంచే పోతుంది. పరశురాములు కొనకెక్కి చాలాసేపు కూర్చుని, శ్రీధర్ వెనక్కి మళ్లి ఉంటాడనుకుని అవతలి వైపు దిగిపోయాడు.

సాయంత్రం వెతికితే శవం దొరికింది. కాలు విరిగింది, తలలోంచి నెత్తురు పోయింది. పై బాట మీద పదో పన్నెండో గులకరాళ్లు, కిందనుంచి విసిరినవి. వెనకాలే ఎక్కిన కాలేజీ పిల్లలు తమకు ఏ కేకా వినబడలేదన్నారు. ఒక్క కేక వేస్తే వాళ్లయినా ఆగేవారు. శ్రీధర్‌కు పిలవడమంటే విసరడమే.

పదకొండో దినం నాడు చుట్టాలందరి ముందు సంధ్యారాణి పరశురాములును దగ్గరికి పిలిచి, నోరు కనబడేలా నిదానంగా అడిగింది, ఏమైనా వినబడిందా అని. గడప దగ్గర కనకవ్వ మెడ చాచింది. లేదంటే సరిపోయేది. అతని చెవుల సంగతి అందరికీ తెలుసు, బాట మీద ఏం జరిగిందో అతనికొక్కడికే తెలుసు.

"ఇనబడలే చెల్లె," అన్నాడు. "గని ఒక రాయి నా కాళ్లకాడ వచ్చి పడ్డది. ఎనుక ఇంకోటి. కోతులు ఇసురుతున్నయనుకొని జెర జోరుగ నడిచిన."

సంధ్యారాణి ఏడవలేదు. అతని కాళ్ల వైపు చూసింది.

"కార్ఖానల కండె పడితె పాతికేండ్లు మర్రి చూసినవ్. అడివిల రాయి పడితె ముందటికి ఉరికినవ్."