చెప్పుల కొట్లో "అమ్మ"

మన సారు ఆఫీసు ఉద్యోగం మానేసి నర్సరీ పిల్లలకు పాఠాలు చెప్పడానికి చేరాడు. తప్పేం లేదు. ఆఫీసులో లెక్క తేలితే ఎవరూ గంతులెయ్యరు. ఇక్కడ ఒక పిల్ల "అ" సరిగ్గా రాస్తే తరగతంతా గంతులేస్తుంది. ఆ గంతులకే పడిపోయాడు. కానీ ఆ సంగతి బావకు చెప్పడానికి నోరు రాలేదు. పాత ఉద్యోగం వేయించింది బావే మరి. "మగాడివై ఉండి పిల్లల ముక్కులు తుడుస్తావా?" అంటాడని భయం. అందుకని, "స్కూల్లో అకౌంట్స్ చూస్తున్నా బావా" అని ఓ అబద్ధమాడి, దాని చాటున బతికేస్తున్నాడు.

ఆదివారం ఇద్దరూ చెప్పుల కొట్టుకు వెళ్లారు. బావ కొత్త బూట్లు తొడుక్కుని అద్దం ముందు పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. సారు బల్ల మీద కూర్చున్నాడు. ఇంతలో ఎక్కణ్ణుంచి వచ్చిందో, అతని తరగతిలో చదివే బుల్లి పరిగెత్తుకొచ్చి, బడిలో రోజూ చేసినట్టే కాలెత్తి అతని మోకాలి మీద పెట్టేసింది. కొత్త చెప్పుకు బకిల్ ఊడి వేలాడుతోంది.

"అమ్మా, పెట్టవా!"

నర్సరీ పిల్లలకు నోరు అలా జారుతూనే ఉంటుంది. టీచరుకు మీసాలున్నా సరే, అమ్మే. బడిలో అయితే నవ్వుకుని బకిల్ పెట్టేవాడు.

బావ గిరుక్కున తిరిగాడు. "అమ్మేంట్రా! ఎవర్రా ఈ పిల్ల?"

"ఏమో బావా, ఎవరి పిల్లో. నన్ను చూసి ఎవరో అనుకున్నట్టుంది."

అంటూనే ఆ కాలు పట్టుకుని కింద పెట్టేశాడు. బుల్లి ఏడవలేదు. అతని ముఖంలోకి ఓసారి చూసి, చెప్పు ఈడ్చుకుంటూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

దారంతా బావ నవ్వుతూనే ఉన్నాడు. సారుకు తల కొట్టేసినట్టుంది. ఛీ, ఎంత నీచపు పని చేశాను అనుకున్నాడు. నిజం చెప్పేద్దామని, "బావా..." అన్నాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు. బూట్లు బాగున్నాయి."

మర్నాడు తరగతిలో బుల్లి వైపు చూడ్డానికి అతనికి ముఖం చెల్లలేదు. ఆ పిల్లే బల్ల దగ్గరికొచ్చింది.

"నిన్న మీకు నేను గుర్తు రాలేదు కదా సార్? నేను బుల్లిని. కిటికీ పక్కన కూర్చుంటా." చెవిటివాళ్లకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మళ్లీ మర్చిపోతే మళ్లీ చెప్తాలెండి. ఏం ఫర్వాలేదు."

అక్షరం మర్చిపోయి బిక్కమొహం వేసిన పిల్లలకు అతను చెప్పే మాటలే అవి.

నిన్న కూడా గుర్తున్నావు తల్లీ అని చెప్పాలి. చెబితే, మరి ఎవరో అని ఎందుకన్నారు అని అడుగుతుంది.

"సరేనమ్మా, ఇక మర్చిపోను" అన్నాడు, తలెత్తకుండానే.