ఏడు పాలపీకలు

పాత మాత్రల డబ్బా అడుగున పన్నెండు దోస గింజలు మిగిలాయి. అత్తగారి తల్లి నాటినుంచి ఏటేటా దాచుకుంటూ వచ్చిన రకం అది. పోయినేడు పాదులన్నీ ఎండిపోగా ఇవే దక్కాయి. ఇవీ పోతే ఆ రకం ఇక లేనట్టే. మోకాళ్ల నొప్పితో వంగలేని అత్తగారు డబ్బా తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"బిడ్డని పెంచుతున్నావుగా, వీటినీ పెంచు."

కోడలికి ఆ పూట అన్నం సయించలేదు. చంటిది తుమ్మితేనే గుండె గుభేలుమనే మనిషి. గింజల్ని పెరట్లో నాటి, గంటకోసారి పోయి వంగి చూసేది. తొమ్మిది మొలిచాయి. కానీ బావి అడుగంటింది, రోజుకు దొరికేది ఒక్క బకెట్. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆవిరి. నాలుగో రోజుకు రెండు మొక్కలు తల వాల్చేశాయి.

ఆ సాయంత్రం చంటిదానికి సీసా పట్టబోతుంటే పాలపీక కొనలో ఒక్క చుక్క నిలిచింది, జారింది, ఇంకోటి నిలిచింది. కోడలు దాని వంకే చూస్తూ ఉండిపోయింది. చంటిది ఊరుకుంటుందా, కాలితో ఒక్క తన్ను తన్నింది.

మర్నాడు మందుల షాపుకు వెళ్లింది.

"పాలపీకలు ఏడివ్వండి."

"ఏడా! ఎంతమంది పిల్లలమ్మా?"

"ఏడుగురండీ. తొమ్మిదిమంది ఉండేవాళ్లు, మొన్ననే ఇద్దరు పోయారు," అంది, ధ్యాసంతా పెరట్లోనే పెట్టుకుని.

షాపాయన బిక్కచచ్చిపోయి, తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. తానేమందో ఇంటికొచ్చాక గాని ఆమెకు తట్టలేదు.

ఖాళీ నీళ్ల సీసాలకు అడుగు కోసి, మూతికి పీక తొడిగి దారంతో బిగించి, మొక్కకొకటి చొప్పున పుల్లకు తలకిందులుగా కట్టింది. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి కప్పింది. మొగుడు గుమ్మంలో నిలబడి పకపకా నవ్వాడు.

"పాలు పట్టడం అయిందా? భుజానేసుకుని త్రేన్పు కూడా తెప్పించు మరి!"

మూడో రోజుకు బావి అడుగు మట్టి అడ్డుపడి ఒక పీక మూసుకుపోయింది. చంటిదైతే ఏడ్చి చెబుతుంది, మొక్కేం చెబుతుంది? అప్పట్నుంచి నీళ్లను చంటిదాని పాత గుడ్డలో వడగట్టి, ప్రతి పీక నుంచీ మణికట్టు మీద ఒక చుక్క రాల్చి చూసుకునేది.

ఓ పొద్దున అలాగే చుక్క రాల్చి, పాలు చూసే అలవాటు కొద్దీ నాలుకతో నాకేసింది.

"థూ! అత్తయ్యా, బకెట్లో ఏం కలిపారు?"

"పేడనీళ్లే, బలానికి వడగట్టి పోశాను. మొక్కలకి పెడితే నువ్వెందుకు తాగావే!"

అత్తగారు మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వగా కోడలు చూడడం అదే మొదలు.

ఏడు పాదులూ అల్లుకున్నాయి. తొలికాయ పండి పసుపెక్కేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. గింజలు ఆరబెట్టి పోస్తే డబ్బా మూత పడలేదు. ఇరుగుపొరుగు వాళ్లు గిన్నెలు పట్టుకుని గింజలకొచ్చారు. సీసాల వంక చూసి, "ఆ పీకలెక్కడివమ్మా?" అని చుట్టూ మూగారు.

ఈసారి షాపుకు అత్తగారే నడిచి వెళ్లింది.

"పాలపీకలు నలభై."

"నలభయ్యా! ఎవరికమ్మా?"

"మా కోడలికి."

షాపాయన కుర్చీ తెచ్చాడు. ఈసారి తానే కూర్చున్నాడు.