చాందిని వీపు కొలతలు

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్న. కాలర్ ఇంకా కాలేదు. ఆయన ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టి, "నిఖిలా, నువ్వు ఖాళీగనె ఉంటవు గద. గుర్రాలకు ఏ కంపెనీ జీను మంచిదో జర చూసి చెప్పు" అన్నడు.

ఖాళీ అన్న మాటకు నాకు కోపం రాలేదు. కోపానికి సుత కొంచెం ఓపిక కావాలె. తాండూర్‌ల మా మామయ్య రాధాకిషన్‌కు కందిపప్పు మిల్లుంది. నా పెనిమిటి కౌశిక్ ఒక్కడే కొడుకు. పప్పు దుమ్ము తనకు పడదని పోయినేడు కోట్‌పల్లి దగ్గర మా పొలంల మూడు గుర్రాలతోటి రైడింగ్ క్లబ్ పెట్టిండు. శని, ఆదివారాలు హైదరాబాదోళ్లు వస్తరు. వాళ్లకు చాయ్, ఉప్మా, ఫోన్ల బుకింగులు, పిల్లలకు హెల్మెట్లు పెట్టుడు, తీసినంక చెమట తుడుసుడు, అన్నీ నేనే. "ఇంటి పనే గద" అంటది మా అత్తమ్మ కస్తూరమ్మ. జీతం అన్న మాట ఎవరి నోట్లెకెల్లి రాలే. నా నోట్లెకెల్లి సుత రాలే.

జీన్లు చూసెతందుకు మూడు వారాలు పట్టింది. అందరు తిన్నంక, గిన్నెలు కడిగి, మధ్యాహ్నం వంటింటి గడప మీద కూసొని చదివేదాన్ని. వింటెక్ కంపెనీది తోలు గాదు, నీళ్లతోటి కడుగొచ్చు, ముందు గుర్రం వీపుకు అటు ఇటు ఆనే ఇనుప కమాను వెడల్పు మార్చుకోవచ్చు. స్టూబెన్‌ది మంచి తోలు. ప్రెస్టీజ్ ఇటలీది అంటె అత్తమ్మ, "గది కుక్కర్ గాదా?" అన్నది. ఆ మూడు వారాలల్ల నేను నవ్వింది గా ఒక్కసారే. ఎంత చదివినా చివరికి ఒక్కటే తేలింది. అన్నిటికంటె మంచి కంపెనీ అని ఏదీ లేదు. ఆ గుర్రం వీపుకు ఏది సరిగ్గ కూసుంటది, ఎక్కినోళ్ల నడుముకు, తొడకు ఏది సరిపోతది, గంతే. పేరు తర్వాతి సంగతి.

సోమవారం బస్సెక్కి క్లబ్బుకు పోయిన. గుర్రాల షెడ్డుల పనిచేసే రుక్కమ్మది యాలాల్ ఊరు. చిన్నప్పటిసంది మేకలు, గొర్లు కాసిన మనిషి. చాందిని అనే తెల్ల గుర్రం ఆమెను తప్ప ఎవ్వరిని నమ్మది. మెత్తటి తీగ తెచ్చిన. చాందిని భుజం ఎముక వెనకాల ఆ తీగను వీపు మీద వంచి, ఆ వంపును పాత పేపరు మీద పెన్నుతోటి గీసిన. రుక్కమ్మ నా చెయ్యి పట్టుకొని వెన్నెముకకు ఇటు అటు మెల్లగ ఒత్తించింది. ఒక్క జాగల తోలు జలదరించింది. "నొస్తుంది బిడ్డా దానికి. నోరు లేదు, ఏం జెప్తది" అన్నది. చాందిని వీపు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. కమాను వెడల్పుది కావాలె.

ఎక్కేటోళ్ల కొలతలు రాస్తున్న. ఆయనది, నేర్చుకునే ఇద్దరు ఆడపిల్లలది. రుక్కమ్మ అడిగింది, "నీది గొల్వవా?"

"నేనెక్కుతనా ఏంది?"

"ఎందుకెక్కవు?"

టేపు ఆమె చేతికిచ్చి, స్టూలు మీద కూసున్న. నడుముకాడికెల్లి మోకాలిదాక రుక్కమ్మ టేపు పట్టింది. పెండ్లయినంక నా ఒంటి కొలతలు అడిగింది జాకెట్లు కుట్టే ఆమె ఒక్కతే. ఆ రోజు పది నిమిషాలు చాందిని మీద కూసున్న. పాత జీను నాకు పెద్దదైంది, జారిన, తొడలు ఒరిసినయి. అయినా దిగబుద్ధి గాలే.

కమాను వెడల్పుది, కూసునే జాగ పదిహేడించులు అని కాయితం రాసి ఆయనకిచ్చిన. ఆయన దోస్తుల ముందు, "మూడు వారాలు స్టడీ చేసిన" అన్నడు. నేను చాయ్ కప్పులు సర్దుతున్న. ఆర్డరు పెట్టేటప్పుడు ఆయన కమాను మీడియం చేసిండు, సీటు తనకు సరిపోయే పద్దెనిమిది చేసిండు. వద్దు, నొక్కుతది అన్న. "గుర్రం నీకు ఫోన్ చేసి చెప్పిందా?" అన్నడు. అందరు నవ్విన్రు.

జీను వచ్చింది. మెరుస్తుంది. వారం తిరగకముందె చాందిని పొట్ట కింద పట్టీ బిగిస్తె కరువ వస్తుంది. జీను తీసినంక చూస్తె ఒళ్లంత చెమట, భుజాల వెనకాల అరచేయంత రెండు జాగలు మాత్రం పొడిగ ఉన్నయి. నొక్కుడు గక్కడనే. ఆయనకు చూపెట్టిన. "దీనికి పొగరు, అమ్మేస్త. నీ తీర్గనె మొండికేస్తుంది" అని ఇద్దరు గెస్టుల ముందు అన్నడు. వాళ్లు ఫోన్లల్ల తలకాయలు పెట్టిన్రు.

జీను అమ్మినోళ్లకు నేనే ఫోన్ చేసిన. ఆదివారం శ్యామల అని, జీన్లు సరిచూసే ఆమె, హైదరాబాద్ నుంచి వచ్చింది. మామయ్య, అత్తమ్మ సుత క్లబ్బుకు వచ్చిన్రు. చాందిని వీపంతా తడిమింది. నేను గీసిన పేపరును వీపు మీద పెట్టి చూసింది.

"గీసింది కరెక్టుంది సర్. వైడ్ కావాలె. మరి మీడియం ఎవరు రాసిన్రు?"

ఆయన నా దిక్కు చూసిండు. మామయ్య నా దిక్కు చూసిండు. అత్తమ్మ కండ్లతోటే చెప్పింది, నువ్వే అను, అయిపోతది. కూరల ఉప్పెక్కువైనా, పిల్లలు పుట్టకున్నా, డాక్టరు ఆయనకే పరీక్షలు రాసినా, "నాదే తప్పు" అన్నది నేనే. ఆ మాట నాలుక మీద తయారుగనె ఉంది. చాందిని చెవులు వెనక్కి పెట్టి నిలబడ్డది. ఇప్పుడు ఆ మాట అంటె, రేపు దీన్ని అమ్మేది సుత నా తప్పు కిందనే పోతది.

"నేను వైడ్ రాసిన. ఈయన మార్చిండు" అన్న.

శ్యామల ఏం గానట్టు రాసుకున్నది. జీను వాపస్ తీసుకుంటమన్నది, ఆరు వారాలు చాందిని మీద ఎవ్వరూ ఎక్కొద్దన్నది. పోయేముందు నాతోటి, "మేడం, వికారాబాద్ దిక్కు రెండు క్లబ్బులున్నయి. గుర్రాల కొలతలు తీసేటోళ్లు దొరుకుతలేరు. పైసలిస్తం, చేస్తరా?" అన్నది. ఆయన నవ్వబోయి ఆగిండు.

తాండూర్‌కు వాపస్ వచ్చేటప్పుడు కార్ల మేమిద్దరమే, మామయ్య అత్తమ్మ మిల్లు బండిల ముందే పోయిన్రు.

"పరాయిదాని ముందు ఇజ్జత్ తీసినవ్" అన్నడు.

"చాందినిని అమ్మొద్దు. రేపు ఏడు గంటల బస్సుకు పోత, దానికి మందు పెట్టాలె. బుధవారం వికారాబాద్ పోత."

అరుస్తడనుకున్న. బండి ఆపుతడనుకున్న. ఆయన నిజంగనె పరేషాన్‌గ, "మరి పొద్దున ఇంట్ల నాష్టా ఎవరు జేస్తరు?" అన్నడు.

"నాకు తెల్వది" అన్న. పెండ్లయి తొమ్మిదేండ్లయింది. ఆ ఇంటోళ్లు అడిగినదానికి నేను జవాబు ఎతకకపోవుడు గదే మొదటిసారి.