రెండు చుక్కల దొంగ

ఏమోయ్, నిన్నే! తెర మీద ఎర్ర అక్షరాలు కనబడగానే ఆముదం తాగినట్టు ఆ మొహమేంటి? కంప్యూటర్ నిన్ను తిట్టలేదయ్యా. "నాకర్థం కాలేదు నాయనా" అంటోంది, అంతే. మీ అత్తగారు ఇంతకంటే ఎక్కువే అని ఉంటుంది. ఆవిడ ముందు నవ్వుతూ నిలబడ్డవాడివి, దీనికి జడుసుకుంటావా? ఇలా జరిగి కూర్చో. నా పైథాన్ చదువు, అదేనయ్యా కంప్యూటర్ భాష చదువు, ఎలా తగలడిందో చెబుతాను. విన్నాక నీ కష్టం నీకే ముద్దొస్తుంది.

నేను వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాను. షాపులో నాకు తోడు మా బావమరిది. ఒకరోజు కొత్తరకం మెషీన్ ఒకటి విప్పి, లోపలి బోర్డు చూసి నేను తెల్లమొహం వేశాను. వాడు పకపకా నవ్వాడు.

"బావా, ఇప్పటి మెషీన్లకి బుర్రుంది. నీకే లేదు."

"ఉందో లేదో చూపిస్తా ఉండరా. మెషీన్ ఎందుకాగిపోయిందో అదే చెప్పే ప్రోగ్రామ్ రాస్తా. నీళ్లు దిగుతున్నాయా అని అడుగుతుంది, డ్రమ్ము తిరుగుతోందా అని అడుగుతుంది. మోటారు పోయిందో బెల్టు తెగిందో చెప్పేస్తుంది. నీ అవసరమే ఉండదు."

"అలాగే. అదే స్క్రూలు కూడా బిగిస్తుందేమో అడుగు."

ఆ రోషంతోనే చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఉన్న కంప్యూటర్ సెంటర్లో సాయంత్రం క్లాసుకి చేరానని ఊరంతా చెప్పుకున్నాను. నువ్వు నాకేమీ కావు కాబట్టి నీకు అసలు సంగతి చెబుతాను. షాపు మూయగానే బావమరిది పెళ్లాం పిల్లల దగ్గరికి పరుగెత్తుతాడు. నేను పరుగెత్తక్కర్లేదు. మా ఆవిడ పోయాక ఇంట్లో నా కోసం చూసేది తలుపు గొళ్లెం ఒక్కటే. పది వీధుల మెషీన్లు బాగుచేసే నేను, నా రెండు చొక్కాల కోసం మెషీన్ ఎందుకులే అని చేత్తో ఉతుక్కుంటాను. అయినా ఒక్కోసారి ఇంట్లో ఉన్నదాన్ని బట్టలేమీ వేయకుండా ఉత్తినే తిప్పుతాను. అది గుడగుడమంటూ ఉంటే వంటింట్లో ఎవరో పనిలో ఉన్నట్టుంటుంది. ఆగిపోయాకే చిక్కు.

క్లాసులో మొదట నలుగురం. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, ఒక నర్సమ్మ, నేను. పాఠం చెప్పేది పాతికేళ్ల అమ్మాయి. బక్కపల్చగా, మాట మెల్లగా. పొద్దున్నించీ అక్కడే పాఠాలు చెప్పి చెప్పి సాయంత్రానికి గొంతు జీరపోయి ఉండేది. నన్ను బాబాయ్ అనేది, నేను టీచరమ్మా అనేవాణ్ణి.

మొదటి పాఠం వయసు అడిగి, ఒకటి కలిపి, వచ్చే ఏడాది వయసు చెప్పే ప్రోగ్రామ్. నేను యాభై ఏడు కొట్టాను. అది ఎర్రగా అరిచింది. ఒకటికి అటూ ఇటూ కొటేషన్లు పెడితే నోరు మూసుకుంటుందేమోనని పెట్టాను. నిజంగానే మూసుకుంది. జవాబూ ఇచ్చింది.

టీచరమ్మ వంగి చూసింది. "బాబాయ్, వచ్చే ఏడాదికి మీకు ఐదువందల డెబ్భై ఒక్కేళ్లు."

"పెన్షన్ బాకీ ఎంతొస్తుందో కూడా చెప్పమ్మా."

"మీరు కొట్టింది దానికి అంకె కాదు, అక్షరాలు. యాభై ఏడు పక్కన ఒకటి అతికించింది. ముందు అంకెగా మార్చి ఇవ్వాలి."

"నేను అంకె కొట్టి ఇస్తే అక్షరాలనుకుంటుందా? ఇదేం సంబంధమమ్మా, పిల్లనిస్తామంటే పిల్లినిస్తున్నారనుకున్నట్టు!"

నర్సమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు, నవ్వు ఆపుకుంది. అది నాకు బాగా తెలుస్తుంది.

తర్వాత ఈక్వల్ గుర్తు గీతల గోల. ఒక గీతల జత పెడితే హుకుం, రెండు జతలు పెడితే ప్రశ్న. నీళ్లు దిగుతున్నాయా అని అడగాల్సిన చోట, దిగుతున్నాయి నోర్ముయ్ అని నేను హుకుం వేసేవాణ్ణి. ఆ తర్వాత వరసలో మొదటిదాన్ని సున్నా అనడం. "మా ఇంట్లో పెద్దకొడుకు నేనే. పైథాన్ లెక్కన సున్నాగాణ్ణన్నమాట" అన్నాను. "మీ నాన్నగారికి ముందే తెలిసుంటుంది" అంది టీచరమ్మ. చూశావా, జీరగొంతులోంచి అలాంటివి వచ్చేవి.

వేసవి వచ్చేసరికి కుర్రాళ్లు మానేశారు. నర్సమ్మకి సాయంత్రం డ్యూటీ పడింది. గదిలో మిగిలింది ఖాళీ కుర్చీలు, ఆరిపోయిన తెరలు, ఒక టీచరు, ఒక మెకానిక్కు. మాట్లాడితే గోడకి తగిలి వెనక్కి వచ్చేది. అప్పుడే ఒకరోజు ఆవిడ అంది:

"మీ మెషీన్ ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా నడిస్తే కోర్సు అయిపోయినట్టే బాబాయ్."

నాకు గుండె జారింది. ఎందుకంటే అప్పటికే అది దాదాపు నడుస్తోంది.

ఇక అక్కణ్ణించి మొదలైంది నా దొంగతనం. ఇఫ్ అని రాసి, షరతు రాసి, చివర రెండు చుక్కలు పెట్టాలి కదా, ఒకదాని మీద ఒకటి? క్లాసు అయ్యాక ఆవిడ కిటికీలు మూస్తుంటే ఆ చుక్కలు ఒకచోట చెరిపేసి, అలాగే సేవ్ చేసి, పెన్‌డ్రైవ్ ఆవిడ చేతికిచ్చేవాణ్ణి. ఆవిడ దాన్ని డ్రాయర్లో పెట్టేది. మర్నాడు తెరిస్తే ఎర్ర అక్షరాలు.

"నిన్న నడిచింది కదమ్మా!" అని నేను గుండెలు బాదుకునేవాణ్ణి.

"ఏం చేస్తాం బాబాయ్, ఒక్కోసారి అంతే" అని ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేది.

ఒకరోజు చుక్కలు తీశాను. ఒకరోజు బ్రాకెట్ మూయలేదు. ఒకరోజు నీళ్లు అన్న పేరుని ఒకచోట నీల్లు చేశాను. ఆ ఒక్క అక్షరం వెతకడానికి గంట పట్టింది. ఆ గంటలో ఆవిడ చిన్నప్పుడు సైకిల్ తొక్కి చెయ్యి విరగ్గొట్టుకున్న కథ చెప్పింది. మా ఆవిడ నన్ను మొదటిసారి చూసి "ఇతనా?" అన్న కథ నేను చెప్పాను. ఇద్దరం వెతుకుతున్నట్టు తెరకేసి చూస్తూనే మాట్లాడుకున్నాం. అలా చూస్తూ ఉంటే చెప్పడం తేలిక. ఇంటికెళ్లాక ఆ రాత్రి మెషీన్ తిప్పలేదు.

పాపం పిచ్చిపిల్ల, ఎంత తేలిగ్గా బుట్టలో పడిందో అని దారంతా నవ్వుకునేవాణ్ణి. కొంచెం సిగ్గూ వేసేది. గొంతు పోయేలా పనిచేసి వచ్చినదాన్ని ఇంటికి పోనివ్వకుండా పట్టుకు కూర్చుంటున్నానే అని. మానేద్దామనుకుంటూనే మళ్లీ చుక్కలు చెరిపేవాణ్ణి.

ఒకరోజు మామూలుగానే ఫైలు తెరిచాం. ఎర్ర అక్షరాలు. రెండు చుక్కలు లేవంది. కాసేపు గింజుకున్నట్టు నటించి, అమాయకంగా పెట్టేశాను. మళ్లీ నడిపాం. మళ్లీ ఎర్ర అక్షరాలు! ఈసారి కింద వరసలో ట్యాబ్ ఉంది, మిగతావన్నీ ఖాళీలు, రెండూ కలిపేస్తే నా వల్ల కాదు అంటోంది.

వరసని లోపలికి జరపడానికి స్పేస్ మీటతో నాలుగు ఖాళీలు కొట్టొచ్చు, లేదా ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కొచ్చు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, కంప్యూటర్‌కి మాత్రం ఒకటి కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ అందులో పడతారు. నేను తప్ప! నేను పడడానికి వీల్లేదు. ఎందుకో తెలుసా? నేను కూర్చునే కీబోర్డుకి ట్యాబ్ మీటే లేదు. నేను చేరకముందే ఎవరో పీకేశారట, ఆ చోట బొక్క ఉంటుంది.

నేను తీసింది చుక్కలు. మరి ఈ ట్యాబ్ ఎవడు కొట్టినట్టు?

టీచరమ్మ వైపు తిరిగాను. ఆవిడ తెరకేసి మరీ శ్రద్ధగా చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"టీచరమ్మా."

"ఆఁ."

"ఈ బొక్కలోంచి ట్యాబ్ ఎలా వచ్చిందంటావ్?"

ఆవిడ కీబోర్డు చూసింది. బొక్క చూసింది. అప్పుడు ఇన్నాళ్లూ ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చింది. టేబుల్ మీద తల పెట్టుకుని మరీ నవ్వింది. ఆ ఖాళీ గదంతా నవ్వు తిరిగింది.

"నా కంప్యూటర్లో కొట్టాను బాబాయ్. మీ కీబోర్డు సంగతి మర్చిపోయా."

"అంటే నేను చుక్కలు తీస్తున్నట్టు..."

"మొదటిరోజే తెలుసు. కిటికీ అద్దంలో మీ తెర కనబడుతుంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మానేస్తారుగా." నవ్వు సగంలో ఆగింది. "అయినా మీరు రోజూ చుక్కలే తీస్తున్నారు. వెంటనే దొరికిపోతున్నాయి. అందుకే ఈ పొద్దున నేను కూడా ఒకటి కలిపాను. ఇంకాసేపు పడుతుందని."

"ఆ నీల్లు తప్పు?"

"అది మీదే. కానీ నాకు చూడగానే దొరికింది. ఆ గంటంతా ఉత్తినే వెతికా."

ఆవిడ వేలితో టేబుల్ గీకుతూ మెల్లగా అంది:

"హాస్టల్లో నా గదిలో రెండో మంచం ఖాళీ. పొద్దున్నించీ వందమందితో మాట్లాడతాను బాబాయ్. అంతా కోలన్ ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అనే. అన్నం తిన్నావా అని అడిగేది మీరొక్కరే."

నాకు జోకు తట్టలేదు. నాకు! ఆ ట్యాబ్ తీసేసి నాలుగు ఖాళీలు కొట్టాను. నడిపాం. ఎర్ర అక్షరాలు లేవు. నీళ్లు దిగుతున్నాయా అని అడిగింది. అవును అన్నాను. డ్రమ్ము తిరుగుతోందా అంది. లేదు అన్నాను. బెల్టు చూడండి అంది. తప్పు లేదు, వంక లేదు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం, చుట్టాన్ని రైలెక్కించి ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టు.

"అయితే కోర్సు అయిపోయినట్టేనా?" అన్నాను.

టీచరమ్మ తల గోక్కుంది. "అదీ... మీకింకోటి చెప్పాలి. కోర్సు ఎప్పుడో అయిపోయింది బాబాయ్. నర్సమ్మగారు మానేసినప్పుడే సెంటర్ వాళ్లు ఈ బ్యాచ్ ఎత్తేశారు. మీకు ఫోన్ చేసి చెప్పమని నాకే అప్పగించారు."

"చెప్పలేదే!"

"చెప్దామనే అనుకున్నా. ఆరోజు మీరు లోపలికొస్తూనే సున్నాగాడొచ్చాడు తల్లీ అన్నారు. ఇంక చెప్పలేకపోయా. మీ ప్రోగ్రామ్ నడిచాక చెబుదాంలే అనుకున్నా. తాళం నా దగ్గరే ఉంటుంది కదా అని..."

"రేపో మరి?"

"రేపు లూపుల పాఠం మళ్లీ మొదట్నించి. మీకేం అర్థం కాలేదు."

అదయ్యా సంగతి. ఏంటా నవ్వు? క్లాసు ఎగ్గొట్టి తిరిగినవాళ్లని నువ్వు బోలెడుమందిని చూసుంటావు. లేని జుట్టు దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, లేని క్లాసుకి వేళ తప్పకుండా వెళ్లి, టీచర్ని మోసం చేస్తున్నానని మీసం మెలేసినవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఇదిగో, తృప్తిగా చూసుకో!