ఈశ్వరి తనకు తానిచ్చుకున్న మాట

మా ఈశ్వరి బడికి కొత్తగా వచ్చిన సాయిసుధ టీచరంటే నాకు మొదట్లో పెద్ద గురి లేదు. శనివారం పూట పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, బొమ్మల పుస్తకం తిప్పుతూ కథ చెబుతుంది. కథ అయ్యాక ప్రతి పిల్లా కళ్ళు మూసుకుని తనకు తానే ఒక మాట ఇచ్చుకోవాలి. అది టీచరుకు కూడా చెప్పనక్కర్లేదు, నిలబెట్టుకుంటే చాలట. ఎక్కాలు నేర్పమని పంపిస్తే ఈమె ఒట్లు పెట్టిస్తోందేమిటని పక్కింట్లో అన్నాను కూడా.

ఆ శనివారం కథ ఒక ఏనుగుపిల్లదట. ఆడుకుంటూ ఎవరిదో గుమ్మడికాయ తొక్కి పగలగొట్టింది. ఎవరికీ కనబడకూడదని దాని మీదే కూర్చుంది. ఇక ఆటకు పిలిచినా లేవదు, తిండికి పిలిచినా లేవదు. రాత్రి అన్నం దగ్గర ఈశ్వరి ఇది చెబుతుంటే నాకూ నవ్వొచ్చింది.

"అయితే నువ్వేం మాటిచ్చుకున్నావు?" అని అడిగాను.

"చెప్పకూడదు మా."

"నాకు కూడానా? ఆకుకూర తింటాననా?"

తల అడ్డంగా ఊపి, కంచంలోకి చూస్తూ కూర్చుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పిల్ల మొహం ఆరోజే చెబుతోంది, చూసే తీరిక నాకు లేదు. నా దిగులంతా మా ఆయన కళ్ళ గురించే.

మా ఆయన ముత్యాలప్ప మీసాలు రాకముందు నుంచీ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తున్నాడు. ఆ వారం మగ్గం మీద వంకాయ రంగు చీర ఉంది. ఆ శనివారానికి నాలుగు రోజుల ముందు, నేత మధ్యలో నన్ను పిలిచాడు.

"ఏమే పుష్పా, ఈడ చూడు. రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా కనపడతాండాదా?"

పొయ్యి మీద ఎసరు పొంగుతోంది. ట్యూబులైటు వెలుతురులో ఒక చూపు చూసి, "అంతా ఒకటే ఉండాది, నెయ్యప్పా" అనేసి వెళ్ళిపోయాను. అంతే, నాకు కనబడని తేడా తనకు కనబడుతోందంటే తప్పు తన కళ్ళదేనని ఆయన తేల్చుకున్నాడు. ఆయన అన్నకూ ఇలాగే మొదలైంది. రంగులు తెలియడం లేదన్నాడు, ఏడాది తిరక్కుండా మగ్గం వదిలేశాడు.

ఆ తర్వాత హిందూపురం కంపెనీలో పనిచేసే మా అన్న గంగాధరప్పకు తనే ఫోన్ చేసి, వాచ్‌మన్ పని ఏదైనా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు మా అన్న. ఆదివారం పెనుకొండలో కంటి శిబిరం ఉంది. అక్కడ చూపించుకుని, అటునుంచి అటే హిందూపురం పోయి పని మాట్లాడుకోవాలని అనుకున్నాం. పైకి ధైర్యం చెబుతున్నానే గానీ, మగ్గం లేకపోతే ఈ మనిషి మనిషిగా ఉండడని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున చెప్పులేసుకుంటుంటే ఈశ్వరి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నాయనా, నీ కళ్ళకేం కాలేదు. కండెలు నేనే కలిపేసినా."

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, పట్టుదారం చుట్టిన కండెలవి. ఆ చీర కండెలు ఒక బుట్టలో, అదే రంగులో వేరే అద్దకం కండెలు ఇంకో బుట్టలో ఉన్నాయి. అద్దకం మారితే రంగు కొంచెమైనా మారుతుంది. ఒక చీరలో రెండూ కలవకూడదని మా వీధిలో ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఇది పిల్లిని తరుముతూ రెండు బుట్టలూ తన్నేసిందట. ఎవరూ చూడకముందే దొరికిన కండె దొరికినట్టు ఎత్తి బుట్టలు నింపేసిందట.

"ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకోనుంటివి?" అన్నాను.

"కొడతారని చెప్పలే. తప్పు చేస్తే నేనే చెప్పాలని నిన్న మాటిచ్చుకున్నా మా. రాత్రే చెప్పాలనుకున్నా, నోరు రాలే."

నా చెయ్యి లేచింది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, లోపలికి పోయి రెండు బుట్టలూ తెచ్చి ఎండలో అరుగు మీద కుమ్మరించాడు. ఒక్కొక్క కండె తీసి చూసి, ఇది ఇటు, అది అటు అని వేరుచేయడం మొదలుపెట్టాడు. ఎక్కడా తడుముకోలేదు. కుప్పలు రెండూ పెరిగేకొద్దీ ఆ ఎండలో నాకు కూడా తేడా తెలిసింది. ఒకటి నల్లవంకాయ, ఒకటి లేతవంకాయ.

చివరి కండె కూడా వేసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"నా కళ్ళు బాగుండాయి పుష్పా," అన్నాడు. మళ్ళీ అదే మాటన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లను కొట్టబోయిన చేత్తోనే నోరు మూసుకుని ఏడ్చాను.

ఈశ్వరి ఇంకా గుమ్మంలోనే ఉంది. "చీర చెడిపాయ కదా నాయనా. కొట్టవా?" అంది.

"నేసింది విప్పొచ్చు లేమ్మా," అని దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు చెప్పకుంటే, ఈ కళ్ళు పెట్టుకోనే నేను గుడ్డోడిననుకోని బతికేటోణ్ణి."

అంతలో మా అన్న ఫోను. బస్సెక్కారా లేదా అని అడుగుతున్నాడు. ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"రాలే బావా. ఆ పని ఇంకెవరికన్నా ఇప్పించు. మగ్గం ఇడిసి నేను యాడికీ వచ్చేది లేదు."