పక్కకి ఒరిగిన పీటలు

మా ఊరు కుమాసి బజారులో పొకువామ్మ కొట్టులో పదకొండేళ్ళు గుడ్డ తాన్లు మడతపెట్టాను. బట్టల వరసకంతటికీ ఆవిడే రాణి. కొత్త డిజైను గుడ్డకి ఆవిడ ఏదో ఒక పేరు పెడితేనే అమ్ముడుపోయేది. పేరు లేని గుడ్డని మా ఊరి ఆడవాళ్ళు కన్నెత్తి చూడరు. ఆవిడ లేచినప్పుడల్లా తన కర్రపీటని పక్కకి ఒరిగించి వెళ్ళేది. తను లేనప్పుడు దాని మీద ఇంకెవరూ, దయ్యమైనా సరే, కూర్చోకూడదు. అన్నేళ్ళలో ఒక్కసారి కూర్చోబోయి కడుపునిండా తిట్లు తిన్నాను.

తర్వాత నేను సొంత కొట్టు పెట్టుకుంటానంటే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నీ తెలివికి సొంత కొట్టు కూడానా?" అంది. ఆ రోషంతోనే సరిగ్గా ఎదురుగా కొట్టు తెరిచాను. రెండేళ్ళు పలకరింపుల్లేవు.

నాకంటూ ఒక డిజైను ఉండాలని నీలం మీద తెల్లపీటలు నేనే గీశాను. కూడబెట్టిందంతా దాని మీదే పెట్టాను. ఫోనులో ఫోటో తీసి గుడ్డ మీద అచ్చు వేసే మిల్లుకి పంపాను. కాగితం అడ్డంగా పట్టుకున్నానని మూటలు విప్పాక గానీ తెలియలేదు. నడుముకి చుట్టుకుంటే పీటలన్నీ పక్కకి పడి ఉన్నాయి. తప్పు మిల్లుది కాదు, అచ్చంగా నాదే.

పక్క కొట్టు సెర్వా వచ్చి చూసి పడీపడీ నవ్వింది. "దిగులెందుకే ఫ్రేమా? కొన్నవాళ్ళని కట్టుకుని పడుకోమను. పీటలు వాటంతట అవే నిలబడతాయి."

"నీ నోట్లో మిరపకాయ పెట్టా!" అన్నాను గానీ ఏడుపొచ్చింది. మూడు వారాల్లో ఒక్క ముక్క పోలేదు. ఇంకో నెల ఇలాగే ఉంటే కొట్టు మూసేసి మళ్ళీ ఎవరి దగ్గరో తాన్లు మడతపెట్టుకోవాలి.

ఓ గురువారం పొకువామ్మ దారి దాటి నా కొట్టుకి వచ్చింది. గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరు గీశారే?"

"నేనే అమ్మా."

"అడ్డంగా పంపావా?"

తల దించుకున్నాను.

"ఆరు గజాలు కొయ్యి," అంది. గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చిలో నా గుడ్డ కట్టుకుని మొదటి వరస దాకా తీరిగ్గా నడిచింది. ప్రార్థన ఎవరికి పట్టింది? అందరి కళ్ళూ ఆ గుడ్డ మీదే. బయటికి రాగానే సెర్వాయే అడిగింది.

"రాణమ్మా, దీని పేరేంటి?"

"'మళ్ళీ వస్తా, నా పీట ముట్టకు,'" అంది పొకువామ్మ అందరికీ వినపడేలా. "మొగుడు పక్కచూపులు చూస్తుంటే కట్టుకోండి. ఆడపడుచు పెత్తనం చేస్తుంటే కట్టుకోండి. నాకైతే ఎదురుకొట్టు ఉంది, అందుకు కట్టుకున్నా."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం తాళం తీసేసరికే గుమ్మం ముందు జనం. బుధవారానికి మూటలు ఖాళీ. సెర్వా కూడా రెండు ముక్కలు పట్టుకెళ్ళింది. "అందరి ముందూ పేరు అడిగింది నేనే, నాకు తగ్గించి ఇవ్వాలి," అని బేరం ఒకటి!

మేలు చేసినవాళ్ళ దగ్గరికి మర్నాడు పొద్దున్నే వెళ్ళి కృతజ్ఞత చెప్పుకోవడం మా పద్ధతి. జనం వదలక నాకు గురువారం అయింది. కోడిగుడ్ల బుట్ట పట్టుకుని ఎదురుకొట్టు మెట్లెక్కాను. ఇన్నాళ్ళూ ఆవిడ తిట్టిన ఒక్క మాటే మనసులో పెట్టుకున్నాను. గుడ్డ పట్టి చూడటం దగ్గర్నుంచి నాకొచ్చిన పనంతా నేర్పింది ఆవిడేనన్న సంగతే మర్చిపోయాను.

"అమ్మా, నువ్వు చేసిన దానికి..." అంటూ బుట్ట చాపాను.

"చాల్లే. ఈసారి కాగితం నిలువుగా పట్టుకో," అంటూ బుట్ట అందుకుని లేచింది.

అలవాటుగా చెయ్యి పీట మీదికి వెళ్ళింది. ఓ క్షణం ఆగింది. దాన్ని ఒరిగించకుండా అలాగే వదిలేసి లోపలికి నడిచింది. నేను ఆ పీట పక్కనే నిలబడ్డాను.

లోపలి నుంచి కేక వినిపించింది. "ఏమే, ఇంకా నిలబడే ఉన్నావా? కూర్చో."