దొరసాని పూలకూజా

నేను ఒక ఇత్తడి చెంబును. నా ఎదుట నిలబెట్టిన చీటీ మాత్రం నన్ను ‘దొరసాని పూలకూజా’ అంటుంది. ఆ అబద్ధాన్ని అద్దాల బీరువాలోంచి రోజూ చూస్తూ ఉండడమే నాకు పడిన శిక్ష.

బుడితి అనే ఊళ్లో కంచరుల చేతిలో పుట్టాను. పెళ్లినాడు పుట్టింటివారు నన్ను సన్నాసమ్మకు ఇస్తూ, మన ఆచారం ప్రకారం అంచు కింద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించారు. ఆమెకు చదువు రాదు. ఆ చుక్కలను వేలితో తడిమి, ఇది నేనే అనుకునేది. కరువు ఏడాది అయిదేళ్ల కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, నన్ను చంకన పెట్టుకుని మద్రాసు రేవులో ఓడ ఎక్కింది. ఈ కరీబియన్ దీవిలో చెరకు నరికింది. ఆమె జ్వరంతో తోట ఆసుపత్రిలో పడి ఉండగా, నా మెరుపు చూసి ముచ్చటపడి తోట దొరసాని నన్ను తన బంగళాకు తెప్పించుకుని పూలు పెట్టింది. సన్నాసమ్మ కోలుకున్నాక కన్నుమూసేదాకా నన్ను తిరిగి ఇమ్మని అడుగుతూనే ఉంది.

ఆ బంగళా ఇప్పుడు ప్రదర్శనశాల. ప్రతి బుధవారం విహారనౌక వస్తుంది. బస్సులు దిగినవారు రమ్ము రుచి చూసి, గానుగ దగ్గర ఫొటోలు దిగి, నన్ను దాటి వెళ్లిపోతారు. దీవిని చూడడానికే వస్తారు పాపం. ఎక్కువగా చూసేది చేతి గడియారాన్ని.

ఒక బుధవారం, కాకినాడ నుంచి వచ్చిన సుభాషిణి అనే పంతులమ్మ నా ముందు ఆగింది.

“ఏమండీ, ఇటు రండి! ఇది కూజా ఏమిటి, మన నీళ్ల చెంబు! తెలుగులో పేరు కూడా ఉంది.”

“ఇంత దూరం వచ్చి చెంబులు చూస్తావేమిటే? అయిదింటికి ఓడ కదిలిపోతుంది,” అన్నాడు భర్త.

“పోతే పోనివ్వండి. స… న్నా… స… మ్మ.”

నూట యాభై ఏళ్ల తరువాత ఆ పేరు విన్నాను. నేల తుడుస్తున్న మారీ కూడా విన్నది. ఆమె ఇంటిపేరు సన్నాసి. ఆ వంశంలో అయిదో తరం మనిషి.

“మళ్లీ చదవండమ్మా,” అని ఇంగ్లీషులో బతిమాలింది. “మా వంశంలో తొలి అవ్వ చెంబు దొరసాని తీసుకుందని నాన్నమ్మ చెప్పేది. అందరూ కట్టుకథ అని నవ్వేవారు.”

సుభాషిణి మేనేజరును పిలిపించింది. “ఇది ఈమె వంశం సొత్తు. చీటీ మార్చండి.”

“అవి నగిషీ చుక్కలు, మేడమ్.”

“నగిషీకి వత్తులుంటాయా, నాయనా?”

బస్సు హారన్ మోగింది. ఉత్తరం రాస్తానని మారీ చేయి నొక్కి ఆమె వెళ్లింది. రాసిందో లేదో నాకు తెలియదు.

బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యమైందని ఓడవారు ఫిర్యాదు చేశారు. మేనేజరు నన్ను తెచ్చి మారీ ముందు పెట్టాడు. “ఈ చుక్కలు పోయేలా రుద్దు. కాదంటే రేపటి నుంచి రావద్దు.”

ఈ దీవిలో మారీకి మరో పని దొరకదు. గరుకు కాగితంతో మొదట పేరు చుట్టూ మాత్రమే రుద్దింది. అతడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చివరి చుక్క మీద ఆమె వేలు ఆగింది, అచ్చం సన్నాసమ్మ వేలు ఆగినట్టే. తరువాత ఆ చుక్కా అరిగింది. నన్ను దోచుకున్నవారిని నేను క్షమించను. ఆ వేలి మీద మాత్రం నాకు కోపం లేదు.

ఇప్పుడు నేను అద్దంలా మెరుస్తున్నాను. యాత్రికులు నాలో ముఖం చూసుకుని జుట్టు సర్దుకుంటారు. ఎవరూ ఆగరు. బస్సులన్నీ వేళకే బయలుదేరుతున్నాయి.